ట్రినిడాడ్ దీవిలో ముహర్రం: ‘హోసే’ ఊరేగింపుల చరిత్ర

కరీబియన్ సముద్రపు దక్షిణపు అంచున, వెనిజులా తీరానికి అతి సమీపంలో ట్రినిడాడ్ అనే దీవి ఉంది. అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక పండుగ జరుగుతూనే ఉంటుంది. క్రైస్తవుల లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే కార్నివాల్ ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఫగ్వా పేరుతో హోలీ, దీపావళి, ఈదుల్ ఫిత్ర్, క్రిస్మస్ అన్నీ అక్కడ సందడిగా జరుగుతాయి. వీటి నడుమ ముహర్రం మాసంలో సాగే ఒక ఊరేగింపు ఉంది. దానిని ఆ దీవివాసులు ‘హోసే’ అంటారు. ‘హుసైన్’ అనే నామమే తరతరాల నోళ్లలో నలిగి ‘హోసే’ అయినది. మన పల్లెలలో పీర్ల సవారీ వెంట ‘అసోయ్ దూలా’ అన్న కేకను విన్న తెలుగు పాఠకునికి ఈ మార్పు వింతగా తోచదు.

పైపైన చూచేవారికి హోసే ఒక రంగుల వేడుక. కాని దాని పుట్టుకలో శోకం ఉన్నది; దాని నడిమి చరిత్రలో నెత్తురు ఉన్నది. హిజ్రీ 61 (క్రీ.శ. 680)లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసైన్ (రజి) అమరులైనారు. ఆ సంఘటనను స్మరించుకునేందుకు 1884లో వీధిలోకి వచ్చిన చెరకు తోట కూలీలపై బ్రిటిషు ప్రభుత్వం తుపాకులు పేల్చింది. ఆ కూలీలు ఎవరు, దారి కోసం ఎందుకు అంత పట్టు పట్టారు, ప్రభుత్వం దేనికి భయపడింది అన్న విషయాలు తెలియకుండా హోసేను మెచ్చుకొనుట గాని, ఖండించుట గాని తొందరపాటే అవుతుంది.

నౌకలలో వెళ్లిన ఆచారం

బ్రిటిషు వలసలలో బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దయింది. ఆ తరువాత కూడా కొంతకాలం పాత బానిసలను ‘అప్రెంటిసు’లన్న పేరుతో యజమానుల వద్దనే కట్టి ఉంచారు. 1838లో ఆ కట్టు కూడా తెగిపోగా ఆఫ్రికా సంతతివారు పెద్ద సంఖ్యలో తోటలు విడిచిపోయారు. చౌకగా, కదలకుండా పనిచేసే మనుషుల కోసం తోటల యజమానులు హిందూదేశం వైపు చూచారు. 1845 మే 30న ‘ఫతెల్ రజాక్’ అనే నౌక కలకత్తా నుండి సుమారు 225 మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు చేరింది. అది మొదలు 1917 వరకు దాదాపు 1,44,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్లారు. మన పెద్దలు ‘గిర్మిట్’ అన్నది ఈ ఒప్పందాన్నే.

వారిలో అధిక సంఖ్యాకులు బీహారు, అవధ్ ప్రాంతాల వారు. మద్రాసు రేవు నుండి కూడా కొన్ని నౌకలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. అక్కడ వీరందరికీ ‘మద్రాసీ’లన్న ఒకే పేరు పడింది. మొత్తం మీద ముస్లింలు అల్పసంఖ్యాకులే. వారిలోనూ అత్యధికులు సున్నీలు. అయినప్పటికీ 1850ల నాటికే తోటలలో ముహర్రం తాజియాలు లేచాయి. అవధ్, బీహారు పల్లెలలో తాజియా ఒక్క షియాల సొత్తు కాదు, ఒక్క ముస్లింల సొత్తు కూడా కాదు. హిందువులు మొక్కుకొనేవారు, తాజియా మోసేవారు, డప్పు కొట్టేవారు. ఈ అలవాటు కూలీలతో పాటు నౌక ఎక్కింది.

మన ప్రాంతపు పీర్ల పండుగకు, ఈ తాజియాలకు రూపంలో భేదం ఉంది. ఇక్కడ ప్రధానమైనది అలం, అనగా పీరు. పీర్ల చావిడి, గుండం, సవారీ అన్నీ దాని చుట్టూ అల్లుకొన్నవే. హైదరాబాదు బాద్షాహీ ఆషూర్ఖానాను కుతుబ్‌షాహీల కాలంలో అలంల కోసమే నిర్మించారు. ట్రినిడాడ్‌లో ప్రధానమైనది తాజియా, అనగా ఇమాముగారి సమాధికి ప్రతిరూపం. దానిని అక్కడ ‘తాజా’ అంటారు. రూపం వేరైనా ఆచరించే తీరు ఒక్కటే. మొక్కులు, మలీదా పంపకం, డప్పుల మోత, హిందువుల భాగస్వామ్యం రెండు చోట్లా కానవస్తాయి.

దారి మీద హక్కు

ఒప్పంద కూలీ జీవితంలో గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉంది. సాధారణంగా ఐదేళ్లపాటు అతడు ఒక తోటకు కట్టుబడి ఉండాలి. చీటీ లేకుండా తోట దాటి వెళ్తే అది నేరం. పనికి రాకపోయినా, యజమాని మాట వినకపోయినా జైలు శిక్ష పడేది. దారి వెంట నడిచే భారతీయుని ఏ పోలీసు అయినా ఆపి చీటీ చూపమనవచ్చు.

ఇట్టి మనిషికి ఏడాదిలో ఒక్క ముహర్రం వేళ మాత్రమే రాజమార్గం తనదయ్యేది. ఒక్కొక్క తోట ఒక్కొక్క తాజియాను కట్టుకొని, డప్పులతో, జెండాలతో సాన్ ఫెర్నాండో పట్టణం మీదుగా సముద్రం వరకు నడిచేది. ఏ తోట తాజియా ముందు నడవాలన్న పోటీ ఉండేది. ఆ పోటీలో కర్రలు లేచిన సందర్భాలూ ఉన్నాయి. ఆఫ్రికా సంతతివారు కూడా డప్పులు వాయిస్తూ, తాజియాలు మోస్తూ ఇందులో చేరారు. ఆ విధంగా హుసైన్ (రజి) సంతాపదినం ముస్లింల హద్దు దాటి, భారతీయుల హద్దు కూడా దాటి, తోటలలో చెమటోడ్చేవారందరి దినం అయింది.

1880ల తొలి సంవత్సరాలు ఆ దీవికి గడ్డుకాలం. ఐరోపాలో ప్రభుత్వాల ప్రోత్సాహంతో తయారైన బీటు చక్కెర మార్కెట్టును ముంచెత్తింది. 1884లో చక్కెర ధర పడిపోయింది. యజమానులు ఆ నష్టాన్ని కూలీల నెత్తిన రుద్దారు. అదే కూలికి చేయవలసిన పని పెరిగింది. తోటలలో సమ్మెలు మొదలైనాయి. అంతకు ముందే, 1881 ఫిబ్రవరిలో, కార్నివాల్ కాగడాల ఊరేగింపును అణచబోయిన పోలీసులకు, ఆఫ్రికా సంతతి ప్రజలకు పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధులలో ఘర్షణ జరిగింది. ఒక వైపు నల్లవారు, మరొక వైపు భారతీయులు. ఇరువురి పండుగలూ వీధిలోనే. ఈ ఇరువురూ ఒక్కటైతే ఏమగునన్న భయం పాలకులను పట్టుకొంది.

1884 అక్టోబరు 30

1884 జూలైలో ప్రభుత్వం హోసే విషయమై నిబంధనలు వెలువరించింది. తాజియా ఊరేగింపులు తోటల హద్దులలోనే జరుపుకోవాలి. రాజమార్గాలపైకి గాని, పట్టణాలలోకి గాని రారాదు. అనగా ఆచారాన్ని నిషేధించలేదు, దారిని మాత్రం నిషేధించారు. ముహర్రం తాజియాను సముద్రంలో నిమజ్జనం చేయుట ఆచారమైనప్పుడు, దారి లేని ఆచారం ఎట్లా నిలుస్తుందన్న ప్రశ్నకు ఆ నిబంధనలలో సమాధానం లేదు.

కూలీలు మొదట చట్టబద్ధమైన మార్గమే పట్టారు. ఈ నిబంధనలను ఉపసంహరించవలసిందిగా ప్రభుత్వానికి ఒక మహజరు పంపారు. దానిపై మొదటి సంతకందారు సూఖూ అనే తోట సర్దారు. అతడు హిందువు. అతనితో పాటు మరి 31 మంది చేరారు. ముహర్రం ఊరేగింపు హక్కును ఒక హిందువు ముందు నిలిచి అడిగాడన్నది ఈ చరిత్రలో మరువరాని విషయం. మహజరును ప్రభుత్వం తిరస్కరించింది.

ఆ సంవత్సరం ఆషూరా దినం అక్టోబరు 30, గురువారం నాడు వచ్చింది. తోటల నుండి తాజియాలు మామూలుగానే బయలుదేరి సాన్ ఫెర్నాండో వైపు సాగాయి. పట్టణపు పొలిమేరలలో సాయుధ బలగాలు కాచుకొని ఉన్నాయి. మేజిస్ట్రేటు ఆర్థర్ చైల్డ్ అల్లర్ల చట్టాన్ని చదివాడు. వందలాది డప్పుల హోరులో, ఇంగ్లీషు రాని జనం ముందు ఇంగ్లీషులో చదివిన ఆ హెచ్చరిక ఎందరి చెవికి సోకి ఉంటుందో ఊహించవచ్చు. ఊరేగింపు ఆగలేదు. సిపెరో వీధి వద్ద, మోన్ రెపో వద్ద తుపాకులు పేలాయి.

మృతుల సంఖ్యలో లెక్కలు కలియవు. 16 మంది అని కొందరు, 22 మంది అని కొందరు వ్రాశారు. గాయపడినవారు 100 మందికి పైబడినవారు. పడినవారిలో హిందువులు ఎక్కువగా ఉన్నారు. కర్బలాను తలచుకొనేందుకు నడిచిన జనంలో కలిమా చదివినవారూ, చదవనివారూ ఒకే నేల మీద ఒరిగారు.

విచారణకై జమైకా గవర్నరు సర్ హెన్రీ నార్మన్‌ను పంపారు. ఆయన అంతకు ముందు హిందూదేశంలో ఉన్నత సైనిక పదవులలో పనిచేసినవాడు. ఆయన నివేదిక కాల్పులను సమర్థించింది. ఎవరికీ శిక్ష పడలేదు. ఈ ఘటనపై చరిత్రకారుడు కెల్విన్ సింగ్ 1988లో వెలువరించిన గ్రంథం, మరుగునపడిన వివరాలను తిరిగి వెలుగులోకి తెచ్చింది.

నేటి రూపం

కాల్పుల తరువాత దక్షిణాది తోటల హోసే క్షీణించింది. పూర్తిగా ఆగిపోలేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ పేటలో, దీవి నైరుతి కొసనున్న సెద్రోస్ గ్రామాలలో అది ప్రధానంగా నిలిచింది. సెయింట్ జేమ్స్ వీధుల పేర్లు చూచినా చరిత్ర తెలుస్తుంది. అక్కడ కలకత్తా వీధి, లక్నో వీధి, మద్రాసు వీధి ఉన్నాయి.

అక్కడ కొన్ని కుటుంబాలు తరతరాలుగా తాజియా కట్టే బాధ్యతను మోస్తున్నాయి. వారి పెరడులలోని ఇమాంబాడాలలో కొన్ని వారాల ముందు నుండే పని మొదలవుతుంది. ఆ రోజులలో మద్యమాంసాలు ముట్టరు, బ్రహ్మచర్యం పాటిస్తారు. మొదటి రాత్రి జెండాలు వెలువడతాయి. మరునాటి రాత్రి చిన్న తాజియాలు, ఆ తరువాతి రాత్రి రెండు నిలువుల ఎత్తు దాటే పెద్ద తాజియాలు వీధికి వస్తాయి. వెదురు, కర్ర, రంగుకాగితాలతో గుంబదులు, మీనారులు కడతారు. వాటితో పాటు రెండు పెద్ద చంద్రవంకలు వస్తాయి. ఎర్రనిది హుసైన్ (రజి) పేర, పచ్చనిది హసన్ (రజి) పేర. మోపెడు బరువున్న ఆ చంద్రవంకను ఒక్కడే భుజాన ఎత్తుకొని తిరుగుతాడు. అలసినచో మరొకడు అందుకొంటాడు. రెండు చంద్రవంకలు ఎదురుపడి ఒకదానినొకటి తాకినప్పుడు, అన్నదమ్ములు కలుసుకొన్నారని జనం భావిస్తారు. తాసా డప్పులకు మేకతోలు బిగించి, మంటపై కాచి శ్రుతి చేస్తారు. నడకకు ఒక దరువు, యుద్ధానికి ఒకటి, శోకానికి మరొకటి ఉన్నాయి. చివరకు తాజియాలు సముద్రం పాలవుతాయి.

చంద్రవంకలు మోసేవారిలో, డప్పు కొట్టేవారిలో హిందువులు, ఆఫ్రికా సంతతివారు నేటికీ ఉన్నారు. చూడవచ్చే జనంలో అనేకులకు ఇది వినోదమే. వీధి పక్కన మద్యం అమ్మకం, నృత్యం సాగడం తాజియా కట్టే కుటుంబాలనే బాధపెట్టిన విషయం. తాము చేసేది కార్నివాల్ కాదని వారు పలుమార్లు చెప్పుకోవలసి వచ్చింది.

తీర్పు, జ్ఞాపకం

దీవిలోని ముస్లిం సంస్థలు, ముఖ్యంగా 1930లలో ఏర్పడిన అంజుమన్ సున్నతుల్ జమాఅత్, హోసేను ధర్మసమ్మతంగా అంగీకరించలేదు. నమాజు, ఉపవాసం, జకాతు వదిలి డప్పు వెంట నడిచేవానికి హుసైన్ (రజి) ఆశయంతో ఏమి సంబంధమన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్న మన ప్రాంతపు పాఠకులకూ కొత్తది కాదు. పీర్ల పండుగపై మన ఉలమాలు ఇదే అడిగారు. ఆ సంస్థలు మసీదులు, పాఠశాలలు నెలకొల్పి కొత్త తరానికి ధర్మవిద్య నేర్పాయి. దేశం 1962లో స్వతంత్రమైన తరువాత 1966 నుండి ఈదుల్ ఫిత్ర్ జాతీయ సెలవు దినమైంది. భారతీయులు కాలుమోపిన మే 30ని 1990లలో సెలవు దినంగా ప్రకటించారు. హోసేకు మాత్రం సెలవు లేదు.

ఒక ఆచారం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. దానికి ప్రమాణాలు ఖుర్ఆన్, హదీసులే గాని చరిత్ర కాదు. కాని చరిత్రకూ ఒక బాధ్యత ఉన్నది. అక్షరం రాని, ఖాజీ లేని, మసీదు లేని తొలినాటి కూలీలు ఏ ఆధారంతో తాము ముస్లింలమన్న ఎరుకను నిలుపుకొన్నారో చెప్పవలసినది చరిత్రే. ఆనాటి తోటలలో ఆ ఎరుక నిలవడానికి తాజియా తోడ్పడింది. తరువాతి కాలంలో మసీదులు కట్టినవారు ఆ కూలీల మనుమలే.

1884 నాటి కూలీలను ప్రభుత్వం అల్లరిమూక అన్నది. వారి చేతిలోని మహజరును, వారి ముందున్న సర్దారు పేరును చూస్తే అట్లా అనలేము. యజీదు అధికారానికి తలవంచని ఇమాము పేరెత్తినవారు, చీటీ లేనిదే అడుగు కదపరాదన్న చట్టాన్ని ఒక్క దినమైనా ప్రశ్నించారు. వారు మోసిన కాగితపు గుంబదుపై మన అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఆ కాల్పులలో ఒరిగినవారిని మాత్రం వేడుకకు వెళ్లి మరణించినవారిగా కాక, తమ దారిపై తమకున్న హక్కును అడిగి మరణించినవారిగా గుర్తుంచుకోవడం న్యాయం.