వేలంపాట ముగిసే వేళ

1662వ సంవత్సరము సెప్టెంబరు నెలలో లండను నగరమున పాతబడిన ప్రభుత్వ నౌకలు కొన్ని వేలమునకు వచ్చినవి. ఆనాటి పద్ధతి ప్రకారము అంగుళము పొడవుగల క్రొవ్వొత్తి ముక్కను వెలిగించి పాట ప్రారంభించెడివారు. వత్తి ఆరిపోవు క్షణమునకు ఎవరి పాట చివరిదో సరుకు వారిది. నౌకాదళ కార్యాలయములో ఉద్యోగియైన సామ్యుయెల్ పెపిస్ ఆ వేలమును చూచి తన దినచర్యలో ఒక వింత వ్రాసికొన్నాడు. అందరిలోను ఒక్క మనిషి మాత్రము సరిగా ఆఖరు క్షణమును పట్టుకొని పాడుచున్నాడట. రహస్యమేమని అడుగగా, ఆరిపోవు సమయమున వత్తి పొగ క్రిందికి దిగును, అది చూచి పాడుచున్నానని చెప్పినాడట.

ఇప్పుడు క్రొవ్వొత్తి లేదు. కాని అమెరికాలో ఒక రైతు ఇంటిలో కూర్చుండి, వాడిన ట్రాక్టరు కొఱకు ఇంటర్నెట్‌లో పాట పాడునప్పుడు ఎదురగు చిక్కు ఆ పొగను కనిపెట్టినవాని నాటిదే. (వేలము అను మాట పోర్చుగీసు వారి ‘లెయిలావ్’ నుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. హిందీలోని ‘నీలాం’ కూడ అదియే. ‘పాట’ మాత్రము అచ్చముగా మనది.)

అమెరికా, కెనడా దేశములలో వ్యవసాయ యంత్రముల వేలము చాలకాలము పొలములోనే జరిగెడిది. రైతు సేద్యము మానుకొన్నను, అప్పులపాలైనను, ట్రాక్టరు, కోతయంత్రము, నాగళ్లు వరుసగా నిలిపెడివారు. ఇరుగుపొరుగువారు ఇంజను మూత ఎత్తి చూచి పాడెడివారు. పాటదారులు ఒకరినొకరు ఎరిగినవారే. ఈ ఎరుక ఎంత బలమైనదో 1931లో తేలినది. ఆర్థికమాంద్యపు రోజులలో నెబ్రాస్కా రాష్ట్రమున మాడిసన్ కౌంటీలో బ్యాంకు బాకీ క్రింద ఒక కుటుంబపు ఆస్తిని వేలమునకు పెట్టినారు. చుట్టుపట్ల రైతులు కూడబలుకుకొని సెంట్ల లెక్కన మాత్రమే పాడినారు. మొత్తము వసూలైనది 5 డాలర్ల 35 సెంట్లు! కొన్న వస్తువులను ఆ కుటుంబమునకే ఇచ్చివేసినారు. ‘పెన్నీ వేలములు’ అను పేరుతో ఈ పద్ధతి ఇతర ప్రాంతములకు ప్రాకినది. బ్యాంకు దృష్టిలో అది కుట్ర. ఆ కుటుంబము దృష్టిలో ప్రాణము నిలిపిన సాయము. పాటదారులు ఏకమైనచోట ధర పుట్టదని మాత్రము దానివలన స్పష్టమైనది.

ధర పుట్టవలెనన్నచో దూరపు పాటదారులు రావలెను. 1958లో కెనడాలోని కెలోనా పట్టణమున రిచీ సోదరులు బ్యాంకు అప్పు తీర్చుటకై తమ ఫర్నిచరు అంగడిలోని మిగులు సరుకును వేలము వేసినారు. 1963 నాటికి వారు పెద్ద యంత్రముల వేలములోనికి దిగినారు. వారి ముఖ్య నియమము, మన మాటలో చెప్పవలెనన్న, ‘సర్కారువారి పాట’ లేకుండుట. కనీసపు ధర అనునది లేదు, యజమాని తానుగాని తన మనిషిచేతగాని పాడించరాదు. దొంగపాట భయము పోయినచో కొనువాడు ఎంత దూరమునుండియైనను వచ్చును గదా!

1995లో పియెర్ ఒమిడ్యార్ ఆక్షన్‌వెబ్‌ను స్థాపించినాడు. అదియే తరువాత ఈబే అయినది. వాడిన యంత్రముల ఇంటర్నెట్ వేలమునకై 1999లో ఐరన్‌ప్లానెట్ సంస్థ వెలసినది. 2017లో దానిని రిచీ బ్రదర్స్ సంస్థయే కొనివేసినది.

ఇట్టి వేలములలో సాధారణముగా పాటదారు బదులు యంత్రమే పాడును. ఒక ట్రాక్టరుకు ప్రస్తుతపు పాట 10,000 డాలర్లు, మెట్టు 250 డాలర్లు అనుకొందము. మొదటి రైతు తన గరిష్ఠపు హద్దు 18,000 అని రహస్యముగా తెలిపినాడు. రెండవవాడు 16,500 అన్నాడు. కంప్యూటరు ఇద్దరి తరఫునను మెట్లు ఎక్కించుచు పోయి, మొదటివానికి 16,750 దగ్గర ఆపివేయును. అనగా గెలిచినవాడు చెల్లించునది తన హద్దు కాదు, ఓడినవాని హద్దుకు ఒక మెట్టు ఎక్కువ మాత్రమే. కావున ఉన్నదున్నట్లు చెప్పుటలో నష్టము లేదు. తక్కువ చెప్పినచో తనకు సమ్మతమైన ధరకే యంత్రము చేజారవచ్చును. ఎక్కువ చెప్పినచో దాని విలువకు మించి చెల్లింపవలసి రావచ్చును. ఈ తర్కమును 1961లో విలియం విక్రీ గణితరీతిని నిరూపించి, 1996లో నోబెల్ బహుమతి పొందినాడు. ప్రకటన వెలువడిన మూడు రోజులకే మరణించినాడు పాపము! విచిత్రమేమనగా, తపాలాబిళ్లల వర్తకులు 1893 నాటికే టపాపాటలలో ఈ పద్ధతిని అమలులో పెట్టియుండిరి.

అట్లయినచో ముందుగానే హద్దు చెప్పి నిద్రపోవచ్చును గదా? కాని జనము అట్లు చేయలేదు. గడియారము నిర్ణీతవేళకు ఆగు ఈబేలో పాటలు చివరి నిమిషములలో కుప్పగా పడినవి. చివరి పాటకు బదులు పాడుటకు ప్రత్యర్థికి వ్యవధి ఉండదు, అదియే పొగను చూచినవాని ఎత్తు. 2002లో ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ ప్రచురించిన పరిశీలన ఆసక్తికరమైనది. అమెజాన్ వేలములలో ఆఖరు పది నిమిషములలో పాట వచ్చినచో గడువు పొడిగింపబడెడిది. అచ్చట ఆలస్యపు పాటలు చాల తక్కువ. ఈబేలో సైతము కంప్యూటర్లకన్న పురాతన వస్తువులకే ఆఖరి పాటలు ఎక్కువ. నిపుణుడు ముందే పాడినచో, ‘ఇందులో ఏదో ఉన్నది’ అని ఇతరులు గ్రహింతురు! వాడిన ట్రాక్టరు కూడ ఈ జాతిదే, దానికి విలువ కట్టుట అనుభవజ్ఞుని కంటి పని. అందుచేత యంత్రముల వేలములు పెక్కింటిలో చివరి కొద్ది నిమిషములలో పాట పడినప్పుడెల్ల గడువు జరుగును, పాట సద్దుమణిగిన పిదపనే ముగియును.

మరియొక చిక్కు గడియారముతో తీరదు. పదిమంది ఫొటోలు చూచి ఒకే ఇంజనుకు విలువ కట్టిరనుకొందము. అందరికంటె ఎక్కువ అంచనా వేసినవాడే గెలుచును, అనగా పొరపాటు పడినవాడే గెలుచుటకు అవకాశము హెచ్చు. మెక్సికో సింధుశాఖలో చమురు క్షేత్రములకై పాడిన కంపెనీలకు ఇట్లే జరిగినదని ముగ్గురు ఇంజనీర్లు 1971లో వ్రాసినారు. ‘గెలుపు శాపము’ అనదగిన ఈ నష్టమును తగ్గించుటకే తనిఖీ నివేదికలు ఏర్పడినవి. ఇంజను నడిచిన గంటలు, టైర్ల అరుగుదల, హైడ్రాలిక్ నూనె కారుట, అన్నియు అందులో నమోదగును. పాట సొమ్ముపై కొనువాని కమీషను, ఇంటికి తరలించు లారీ కిరాయి వేరుగా పడును. తెలిసిన రైతు వానిని ముందుగానే తీసివేసి, మిగిలిన అంకెనే హద్దుగా తెలుపును.