దీవుల దారిలో ఒక విద్యార్థి

క్రీ.శ. 671లో చైనా నుండి బయలుదేరిన ఇత్సింగ్ శ్రీవిజయలో ఆరు మాసాలు ఆగి శబ్దవిద్య అభ్యసించాడు. వెంట వచ్చిన శిష్యుడు వ్యాధిగ్రస్తుడై అక్కడి నుండే వెనుదిరిగాడు. రాజు ఆదరించి, తన ఓడలో ఇత్సింగ్‌ను సాగనంపాడు. కెడా రేవు విడిచి ఉత్తరంగా పది దినాలకు పైగా పయనించి 'నగ్నుల దేశం' చూశానని ఆయన రాశాడు. అది నికోబార్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 673లో తామ్రలిప్తి చేరి, అక్కడ ఏళ్లుగా నివసిస్తున్న భిక్షువు మహాయానప్రదీపుని చెంత ఏడాదిపాటు సంస్కృతం నేర్చుకున్నాడు. ఆపై ఇద్దరూ కలిసి మగధకు నడిచారు.

అంతకు మూడు దశాబ్దాల ముందు ధాన్యకటకంలో హ్యూయెన్‌త్సాంగ్ ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మం చదివి, వారికి తాను మహాయాన శాస్త్రాలు బోధించాడు.

నలందాకు 200కు పైగా గ్రామాల ఆదాయం ఉండేదని ఇత్సింగే చెప్పాడు. అయితే ఆయనను నలందా గుమ్మం వరకు చేర్చినది ముందుగా ఆ దారి నడిచినవారి తోడు.

నేడు లంబాలైన్‌లో సిద్ధాంతవ్యాసం రాసే విద్యార్థికి శాసనాల ప్రతులు అందవచ్చు. రాసిన అధ్యాయం చదివి తప్పు చూపే తోటివారు చేరువలో ఉండరు. పరిశోధక సంఘాల విషయ బృందాలు రుసుము రాయితీతో ఆగక, ప్రతి కొత్త విద్యార్థికీ ఒక మహాయానప్రదీపుణ్ణి చూపాలి.