మేరీ కోం, నిఖత్ జరీన్: ఎవరు మేటి?

చిత్తూరు జిల్లాలో బాహుదా నది ఒడ్డున వెలసిన కాణిపాకం వరసిద్ధి వినాయక క్షేత్రం సత్యప్రమాణాలకు పేరుగాంచింది. ఇద్దరి నడుమ తగవు తెగనప్పుడు “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” అని నిలదీయడం ఈ సీమలో పరిపాటి. అయితే ప్రమాణంతో తేలేది ఒక పని జరిగిందా, లేదా అన్న వివాదం మాత్రమే. ఇద్దరు మేటి యోధులలో ఎవరు అధికులు అన్న వివాదం ఏ సన్నిధిలోనూ తేలదు. అయినా ప్రమాణం చేసేవాడు పాటించవలసిన నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది: తెలిసినది చెప్పాలి గాని, మనసు కోరినది చెప్పరాదు. ఆ నియమానికి లోబడి, భారతీయ మహిళా బాక్సింగు చరిత్రలో సాటిలేని స్పర్ధగా నిలిచిన మేరీ కోం, నిఖత్ జరీన్‌ల విషయం పరిశీలిద్దాం.

మేరీ కోం మణిపూర్ రాష్ట్రంలోని కాంగథెయి గ్రామానికి చెందిన వనిత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో సాటి మణిపురీయుడు డింగ్కో సింగ్ సాధించిన స్వర్ణం ఆమెను ఈ క్రీడవైపు మరల్చింది. మహిళలకు ప్రపంచ పోటీలు మొదటిసారి జరిగిన 2001లోనే ఆమె రజతం గెలిచింది. తరువాత 2002, 2005, 2006, 2008, 2010, 2018 సంవత్సరాలలో ఆరు పర్యాయాలు ప్రపంచ విజేత అయింది. 2007లో కవల పిల్లలకు తల్లి అయిన ఆమె, మరుసటి యేడే చైనాలో స్వర్ణం గెలవడం క్రీడాలోకాన్ని విస్మయపరచింది.

నిఖత్ జరీన్ నిజామాబాదు బిడ్డ. తండ్రి ప్రోత్సాహంతో చేతికి గ్లవ్సు తొడిగి, విశాఖపట్నంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందింది. 2011లో తుర్కియే దేశపు అంటాల్యా నగరంలో జూనియర్ ప్రపంచ విజేత అయ్యేనాటికి ఆమె వయసు 14 ఏళ్ళు. మేరీ కోం తొలి ప్రపంచ స్వర్ణం గెలిచినది కూడా అదే నగరంలో కావడం విశేషం. భుజానికి తగిలిన గాయం 2017లో ఆమెను బరికి దూరం చేసింది. ఆ కష్టాన్ని దాటి 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ స్వర్ణాలు సాధించింది. మేరీ కోం తరువాత ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచిన భారతీయ మహిళ ఆమెయే.

ఇక ముఖాముఖి పోరాటాల మాట. 2019 మే నెలలో గౌహతిలో జరిగిన ఇండియా ఓపెన్ సెమీఫైనలులో మేరీ కోం 4–1 తేడాతో నెగ్గింది. అదే సంవత్సరం ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోంను ఎంపిక పోటీ లేకుండానే పంపాలన్న యోచన కలిగినప్పుడు, నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ వ్రాసి, తనకు న్యాయమైన అవకాశం కల్పించవలసిందిగా కోరింది. దాని ఫలితంగా డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. మేరీ కోం 9–1 తేడాతో గెలిచింది. పోటీ ముగిశాక కరచాలనం సైతం సవ్యంగా సాగలేదు. అప్పటికి ఒకరి వయసు 37, మరొకరి వయసు 23.

ఈ రెండు ఫలితాలతోనే వాదం ముగిసిందని కొందరు అంటారు. కాని ముఖాముఖి లెక్క ఒక్కటే ప్రమాణమైతే చిక్కులు వస్తాయి. 1971లో జో ఫ్రేజియర్ మహమ్మదాలీని ఓడించాడు. 1973లో జార్జి ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండే రౌండ్లలో మట్టి కరపించాడు. 1974లో అలీ ఆ ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. అదే యేట ఒకసారి, 1975లో మనీలాలో మరొకసారి ఫ్రేజియర్‌పై నెగ్గాడు. ఒకరి ఎత్తు ఇంకొకరి లోపానికి సరిగ్గా తగలడం, వయసు, ఆ నాటి బలిమి, ఇవన్నీ ఫలితాన్ని మార్చేవే. నిఖత్ తన పరాకాష్ఠకు చేరినది 2022లో. ఆ నిఖత్‌ను మేరీ కోం ఎన్నడూ ఎదుర్కొనలేదు.

మేరీ కోం తొలి విజయాల నాటికి మహిళా బాక్సింగు ఇంకా శైశవదశలో ఉండేదనీ, పోటీ పలుచన అనీ మరో వాదం ఉంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే దీనికి సమాధానం 2012 లండన్‌లో ఉన్నది. మహిళలకు ఒలింపిక్సులో తొలిసారి ప్రవేశం లభించిన ఆ యేడు మూడే తరగతులు పెట్టారు. వాటిలో కనిష్ఠం 51 కిలోలది. 45 నుండి 48 కిలోల తరగతులలో స్వర్ణాలు గెలిచిన మేరీ కోం, తనకంటే సహజంగా బరువైన వారితో తలపడి కాంస్యం తెచ్చింది. 2014 ఆసియా క్రీడలలో స్వర్ణం కూడా ఆ 51 కిలోల తరగతిలోనే. నిఖత్‌కు 2022 కామన్వెల్తు క్రీడలలో స్వర్ణం, హాంగ్జౌ ఆసియా క్రీడలలో కాంస్యం దక్కాయి గాని, 2024 పారిస్ ఒలింపిక్సులో చైనాకు చెందిన వు యు చేతిలో పరాజయం ఎదురైంది.

తెలుగువారికి నిఖత్‌పై మమకారం సహజం. కాని మమకారాన్ని సాక్ష్యంగా స్వీకరించలేము. రెండు దశాబ్దాల నిలకడ, పరాయి బరువులో సాధించిన పతకం, ముఖాముఖి విజయాలు, ఈ మూడూ కలిపి తూచినప్పుడు త్రాసు మేరీ కోం వైపే మొగ్గుతున్నది. ఆమెయే మేటి అని చెప్పక తప్పదు.

అయితే నిఖత్ వ్రాసిన ఆ లేఖను కూడా ఈ చరిత్రలో ఒక విజయంగానే లెక్కించాలి. పేరు ఎంత పెద్దదైనా, దానిని బరిలో నిరూపించుకొనవలసిందేనని ఒక చిన్న పట్టణపు యువతి అడిగింది. ఆ పోటీ జరిగినందువల్లనే మేరీ కోం ఆధిక్యం ఊహగా మిగలక ఋజువైంది. పోటీ లేని కిరీటంకన్న పోటీలో నిలిచిన కిరీటానికే విలువ. ఓడినవారి పట్టుదలే గెలిచినవారి గెలుపునకు ఆ విలువ కట్టింది.