పుట అడుగున వెలిగిన గణితం

142857143ను 7తో గుణించి చూడండి. 1000000001 వస్తుంది. అటూ ఇటూ ఒకట్లు, నడుమ సున్నాలు. ఎటునుంచి చదివినా ఒకటే. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దిలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు దీన్ని రాజుకు తగిన కంఠహారంగా వర్ణించాడు. ఆయన ‘గణితసారసంగ్రహా’న్నే తర్వాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథమన్న పేరు దానిదే.

తాటాకుల్లో, కాగితపు ప్రతుల్లో మిగిలిన సంస్కృత మూలం 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. పరిష్కర్త ఎం. రంగాచార్య ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యులు. అమెరికా గణిత చరిత్రకారుడు డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి పీఠిక రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1908లో, రోములో జరిగిన గణిత మహాసభకు ఆయన ఈ గ్రంథాన్ని పరిచయం చేశాడు.

ఆ ముద్రణకు ప్రాణం పుట అడుగునున్న వివరణల్లో ఉంది. పాత గ్రంథాల్లో సంఖ్యలు తరచూ మాటల్లో దాగి ఉంటాయి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. లేఖకుడి చేతిలో ఒక్క మాట మారినా లెక్క తప్పుతుంది. కావ్యంలో పాఠభేదాన్ని తేల్చేది రసజ్ఞత. ఇక్కడ గుణకారమే సాక్షి: కంఠహారం కుదరలేదంటే పాఠం చెడిందన్నమాట. రంగాచార్య ప్రతులను పోల్చి పాఠాంతరాలు చూపారు. సూత్రాలను నేటి బీజగణితంలో విప్పారు. సంఖ్యావాచక పదాల పట్టిక, లెక్కలకు జవాబులు, కొలమానాలు అనుబంధాలుగా చేర్చారు.

మల్లన గణితానికి మన కృష్ణా డెల్టా పండితుడే పూనుకున్నాడు. దివిసీమ చెంత పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి ‘సారసంగ్రహ గణితము’ తొలి భాగాన్ని పరిష్కరించారు. ఆయన కన్నుమూశాక, 1952లో, తిరుపతిలో అది వెలువడింది.

మల్లన గ్రంథమంతా రంగాచార్య ఇచ్చినలాంటి వివరణలతో ఇంటింటికీ చేరాలి. అందుకు పద్యం తెలిసిన పండితుడూ, లెక్క తెలిసిన ఉపాధ్యాయుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ప్రతిపదార్థం, నేటి అంకెల్లో సాధన, జవాబు పద్యం కిందే ఉంటే గన్నవరం బడిలో ఎనిమిదో తరగతి పిల్ల సైతం మల్లన లెక్క చేయగలదు. అచ్చులో ఉన్నంత మాత్రాన పుస్తకం బతికినట్టు కాదు. పిల్లలు ఆ లెక్కలు చేస్తేనే బతికినట్టు.