పత్తి సంచిలోని చిన్న పొట్లము



నేను హుజూరాబాదు వాడను. కరీంనగరమునుండి వరంగల్లు పోవు బాటమీద మా యూరున్నది. జమ్మికుంట పత్తి మార్కెట్టు మాకు సమీపమున గలదు. వానను నమ్మి చెలకలలో పత్తి వేయువారు మా ప్రాంతమున పెక్కుమంది. ఈ పత్తి విత్తనపు చరిత్రలో శాస్త్రమెంత, సర్కారెంత, జనుల నమ్మకమెంత యను సంగతిని నేడు ముచ్చటింపదలచితిని.

1970 లో సూరతు పరిశోధన క్షేత్రమున సంకర పత్తి పుట్టినది. ప్రపంచమున కదియే మొదటిది. దిగుబడి హెచ్చినది గాని, విత్తును ఏటేట కొనవలసి వచ్చెను. పురుగును మందులతో చంపజూచిరి. పురుగు మందునకు అలవాటు పడెను. 1997-98 లో లద్దె పురుగు పడి వరంగల్లు జిల్లాలో పత్తి నాశనము కాగా, అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మరువకముందే బీటీ విత్తనము వచ్చినది.

మట్టిలో నుండు ఒక సూక్ష్మజీవికి కొన్ని పురుగులను చంపు విషమును తయారుచేయు శక్తి గలదు. ఆ శక్తికి మూలమైన జన్యువును పత్తిలో చేర్చిరి. మొక్కను కొరికిన కాయతొలుచు పురుగు చచ్చును. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వము దీని కనుమతి నిచ్చెను. ఇక పురుగే రాదని కొందరు, పశువులు బ్రదుకవని కొందరు చెప్పుకొనిరి. 2006 లో వరంగల్లు ప్రాంతమున బీటీ చేలలో మేసిన గొఱ్ఱెలు చచ్చినవని వార్త పుట్టినది. బీటీ విషమే కారణమని రుజువు కాలేదు. నా యభిప్రాయమున రెండు మాటలును ఒక లోపమునుండియే పుట్టినవి. విత్తు వచ్చినంత వేగముగా వివరము రాలేదు.

సర్కారు ఊరక కూర్చుండెనని చెప్పజాలము. తొలుత వచ్చిన మూడు రకములు, మెక్-12, మెక్-162, మెక్-184 అనునవి, మన రాష్ట్రమున సరిగా పండలేదన్న ఫిర్యాదులమీద 2005 లో వాని అనుమతి ఇచ్చట పొడిగింపబడలేదు. 450 గ్రాముల సంచి వెల 1,600 రూపాయలకు పైబడి యుండెను. అందులో పెద్ద భాగము జన్యువుమీది రాయల్టీ సొమ్మే. 2006 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపారముల కమిషను నాశ్రయించి పోరాడగా వెల 750 రూపాయలకు దిగినది. ఈ విజయము చిన్నది కాదు. కాని పోరాటమంతయు సంచి వెలను గూర్చియే జరిగినది. సంచిలోని మరియొక వస్తువును ఎవరును పట్టించుకొనలేదు.

అది 120 గ్రాముల బీటీ కాని విత్తుగల చిన్న పొట్లము. చేను చుట్టు ఐదు సాళ్ళైనను, నూటికి ఇరువదివంతుల నేలయైనను, ఏది యెక్కువైన అంత ఈ విత్తు వేయవలెనని నియమము. ఎందుకనగా, బీటీ చేనులో ఎక్కడనో యొక పురుగు విషమును తట్టుకొని బ్రదుకును. దానికి జత యట్టిదే దొరికిన, సంతానమంతయు తట్టుకొనును. ప్రక్కన మామూలు మొక్కలున్నచో అచ్చట పెరిగిన మామూలు పురుగుతో అది జతగూడును. ఆ సంతానము మరల విషమునకు చచ్చును. రెండెకరముల రైతునకు ఇది చెప్పినవారెవరు? పురుగును మేపుటకు నేల విడువుమనినట్లే యాతనికి తోచెను. పొట్లము గట్టుమీద పడెను.

ఆస్ట్రేలియాలో 1996 నుండియే బీటీ పత్తి గలదు. 2003 లో రెండు జన్యువుల పత్తి వచ్చువరకు, బీటీ విస్తీర్ణము నూటికి ముప్పదివంతులు మించరాదని హద్దు పెట్టిరి. రైతు ఒడంబడిక వ్రాసి, ఆశ్రయపంట వేసి తీరవలెను. ఆ పంట యేదనుకొంటిరి? చాలచోట్ల మన కందియే! పప్పు కొరకు గాదు, పురుగు కొరకు. కోత ముగిసిన పిదప నేల దున్ని మట్టిలో దాగిన పురుగును నాశనము చేయవలెను. అచ్చటి కమతములు పెద్దవి, రైతులు కొలదిమంది, శత్రువు మన పచ్చపురుగు జాతిది. కావున ఆ దేశమును మనతో పూర్తిగా పోల్చుట న్యాయము కాదు.

మనకు వచ్చి పడినది గులాబీరంగు పురుగు. అది కాయలోపల గింజను తినును. పత్తిని తప్ప దాదాపు దేనినీ ఆశించదు. ఒక జన్యువు గల మన సంకర పత్తికాయలో నాలుగింట నొక గింజ విషము లేనిదై యుండును. కాయ యొక్కటియే దానికి బడియు, భోజనశాలయు నైనది. 2010 లో గుజరాతునందు మొదటి జన్యువునకు అది లొంగుట లేదని కంపెనీయే యొప్పుకొనెను. 2006 లో వచ్చిన రెండు జన్యువుల పత్తికిని తరువాత అదే గతి పట్టినది. 2017 పంటకాలమున తెలంగాణమునందును నష్టము కలిగెను. డిసెంబరు దాటినను మరియొక ఏరుడు కొరకు చేను నిలుపుట, మోళ్ళను వంటచెరకుగా కుప్పవేయుట దానికి మరింత మేలైనవి.

2020 నుండి ఆ పొట్లము వేరుగా వచ్చుట మానినది. బీటీ కాని 25 గ్రాముల విత్తును 450 గ్రాములలో కలిపి, 475 గ్రాముల సంచి చేసిరి. విత్తు చేతబట్టిన రైతునకు ఏది యేదో తెలియదు. పారవేయుటకు వీలు లేదు, వేయవలెనని చెప్పవలసిన పనియు లేదు.