పెద్దబండి పద్దు

మన చరిత్ర పుస్తకాల్లో రథాలకేం తక్కువ లేదు. ఏ రాజు ఏ రథమెక్కి ఎవరిమీద యుద్ధానికి వెళ్ళాడో పూసగుచ్చినట్టు రాసి ఉంటుంది. దారిలో ఇరుసు విరిగితే ఏ వడ్రంగి సరిచేశాడో, అతనికెంత కూలిచ్చారో మాత్రం ఎంత వెతికినా కనపడదు. నాకేమో ఆ రెండో సంగతి మీదే మనసు. ఇంటి పద్దులు రాసుకునే ఆడదాన్ని గనక కాబోలు!

మా పామర్రు వైపు ఈ మాట చెప్పుకోవడానికి మంచి రథమే ఒకటుంది. పామర్రు పక్కన నిమ్మకూరు, 1923లో ఎన్.టి. రామారావుగారు పుట్టిన ఊరు. 1982లో పార్టీ పెట్టి ఆయన రాష్ట్రమంతా తిరిగింది 'చైతన్యరథం' మీద. అదేమీ కొత్తబండి కాదండీ. ఓ పాత షెవర్లే వ్యానుకి మార్పులు చేయించి, పైకెక్కి మాట్లాడే వీలు కల్పించారు. ఆయన కొడుకు హరికృష్ణగారు స్టీరింగు పట్టారు. రాజకీయాలు మనకెందుకు గానీ, ఆ బండి సంగతి ఆలోచించండి. షెవర్లేలు చేసే జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో బళ్ళు బిగించడం మొదలుపెట్టి, 1954లో చాలించుకున్నారు. అంటే రథం కదిలేనాటికి మన దేశంలో ఆ పని ఆగిపోయి 28 ఏళ్ళు! అలాంటి పాతబండి ఊరూరా తిరగగలిగిందంటే, మన మెకానిక్కుల చేతి చలవ కాక మరేమిటి?

రథం ఒక్కటే గానీ, మా డెల్టాలో ఊరూరా తిరిగిన పెద్దబండి జీపు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపుని 1947 నుంచి మహీంద్రావారు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చాక, జీపు అంటే సర్కారే అయిపోయింది. "జీపొచ్చింది" అంటే అధికారి వచ్చాడని అర్థం. టీకాల వాళ్ళు, వ్యవసాయం వాళ్ళు, ఎర్ర త్రికోణం బొమ్మతో కుటుంబ నియంత్రణ వాళ్ళు, అందరూ అందులోనే దిగేవారు. మగపిల్లలు వెనకాల పరిగెత్తేవారు, ఆడవాళ్ళు తలుపుచాటున చేరేవారు.

సర్కారుకి పాతబడ్డ జీపు వేలానికి వచ్చేది. దాని అసలు కథ అక్కణ్ణుంచే మొదలు. మా తాతయ్య అలాంటిదొకటి వేలంలో పాడి తెచ్చారు. చవకే. "కొనడానికేం, ఎవరైనా కొంటారు. మేపేవాళ్ళెవరు?" అంది మా అమ్మమ్మ, దిష్టి తీసిన గుమ్మడికాయ ముక్కలు ఊడుస్తూ.

డెల్టాలో పాత జీపుకి వచ్చే జబ్బులు మనుషుల జబ్బుల్లాంటివే. నీటివల్ల కొన్ని, నేలవల్ల కొన్ని, గాలివల్ల కొన్ని.

నీళ్ళ సంగతి చూడండి. బండి వేడెక్కగానే పక్కనున్న కాలవలో బకెట్టు ముంచి రేడియేటర్లో పోసేవారు. కాలవ నీళ్ళతోపాటు ఒండ్రూ లోపలికి పోయేది. చేనుకి బలమైన ఒండ్రే రేడియేటరు గొట్టాలకి పక్షవాతం. అవి పూడుకుపోతే ఇంజను ఇంకా వేడెక్కేది, ఇంకా కాలవ నీళ్ళు పోసేవారు! చివరికి విప్పి, కడిగి, కారేచోట మాటు పెట్టించడం తప్పేది కాదు. నీళ్ళలో దిగి వచ్చిందా, బ్రేకు డ్రమ్ములు తడిసి కాసేపు బ్రేకులే ఉండేవి కావు.

ఇక నేల. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దానిమీద వేసిన రోడ్డూ దానితోపాటే లేస్తుంది, కుంగుతుంది. ఆ గుంతల్లో పదిమందిని, రెండు బస్తాలని మోస్తే కమాన్ కట్టలు విరగవూ? బుష్షులు, కింగు పిన్నులు అరిగితే స్టీరింగు తిప్పడం ఒక ఎత్తు, బండి తిరగడం ఒక ఎత్తు. మా పామర్రు సెంటర్లో ఒక దారి బందరుకీ, ఒకటి బెజవాడకీ, ఒకటి గుడివాడకీ పోతాయి. మా జీపు ఎటు పోవాలనుకుంటే అటు పోయేదని పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

మూడోది బందరు వైపునుంచి వచ్చే ఉప్పుగాలి. తుప్పు కిందనుంచి మొదలై, ఒకరోజు కాళ్ళకింద రేకు పోయి రోడ్డు కనపడేది. వీటన్నిటిమీదా ఇంధనం మోత. 1973లో చమురు ధరలు మండిపోయాక, చాలామంది పెట్రోలు ఇంజను తీసేయించి డీజిలు ఇంజను పెట్టించుకున్నారు. డీజిలుతోనే తయారైన జీపులు తర్వాత వచ్చాయి. వాటి ఇంజను ట్రాక్టరు ఇంజను వంశంలోదే గనక, ట్రాక్టరు విప్పినవాడికి అదీ చేతికి లొంగేది.

ఇన్ని జబ్బులున్న బండిని అంతకాలం ఎలా నడిపారంటారా? మాకు 40 కిలోమీటర్ల దూరంలో బెజవాడ ఉంది. అక్కడ 1960ల్లో వెలసిన జవహర్ ఆటోనగర్ ఉంది. బాడీ కట్టేవాడొకడు, కమాన్లు సాగదీసేవాడొకడు, లేతు మిషను మీద బుష్షు తీసేవాడొకడు, పాత బళ్ళు విప్పి సామాన్లమ్మేవాడొకడు. కంపెనీ చెయ్యడం మానేసిన ముక్కని ఇక్కడ చేసిచ్చేవారు. అందుకే రిపేరు ఖర్చులో సామాను పాలు తక్కువ, చేతిపని పాలు ఎక్కువ ఉండేది.

ఆ ఖర్చుకి మా ఇంట్లో డబ్బెక్కడిది? అమ్మమ్మ పాల డబ్బులు. రెండు గేదెల పాలు పోసి కూడబెట్టినవి బోరు చేయించడానికొకసారి, క్లచ్చు ప్లేటుకొకసారి వెళ్ళిపోయేవి. జీపు మాత్రం తాతయ్య పేరనే ఉండేది. ముందు సీట్లో అమ్మమ్మ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అయినా అర్ధరాత్రి ఎవరైనా తలుపు తట్టి, "నొప్పులొస్తున్నాయమ్మా" అంటే, తాతయ్యకన్నా ముందు లేచి తాళంచెవి తీసిచ్చేది ఆవిడే. గుడివాడకో బెజవాడకో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళు ఆ జీపులో వెళ్ళారో! కిరాయి అడిగేవారు కాదు. "జీపు ఊరిది, రిపేరు మనది" అని అమ్మమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే తల్లికి కప్పడానికి దుప్పటి కూడా ఇచ్చేది. 2005లో 108 అంబులెన్సులు వచ్చేదాకా చాలా ఊళ్ళలో ఇలాంటి పాతబండే దిక్కు. చరిత్ర రాసేవాళ్ళు సమితి జీపుని రాస్తారు గానీ, ఈ జీపుని, దీని వెనకున్న పాల డబ్బుని రాయరు.

ఇప్పుడు పెద్దబండి అంటే సఫారీ, స్కార్పియో. పదీ పదిహేనేళ్ళవి చవగ్గా దొరుకుతున్నాయని మన ఇళ్ళల్లో మగవాళ్ళు మళ్ళీ ఉత్సాహపడుతున్నారు. బుష్షులూ క్లచ్చులూ పాత కథే, వేలతో పోతాయి. టర్బో, ఇంజెక్టర్లు, సెన్సార్లు కొత్త కథ. వాటిని సుత్తితో సరిచెయ్యలేరు, కంప్యూటరు పెట్టి చూడాలి. ఇంజను విప్పదీస్తే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమే 2022లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై దాటితే 10,000 అని 2025లో చేశారు. పైగా షెవర్లే అమ్మకాలు 2017లో మళ్ళీ ఆగిపోయాయి, ఫోర్డువారు 2021లో ఇక్కడ తయారీ మానేస్తామన్నారు. ఆ పెద్దబళ్ళు ఇంకా రోడ్లమీద ఉన్నాయి.

సర్కారు జీపులకి మాత్రం ఆ రెండో జన్మ లేదిక. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి పొడిగించకుండా, తుక్కుకే పంపాలని నిబంధన పెట్టారు. పొగ తగ్గుతుంది, మంచిదే.

మీ ఇంట్లో ఎవరైనా పాత పెద్దబండి మీద మోజుపడితే వద్దనకండి. ధర, మైలేజీ వాళ్ళే అడుగుతారు. ఆ బండి విప్పగలిగినవాడు మీ ఊరికెంత దూరంలో ఉన్నాడో, సామాను ఎక్కడ దొరుకుతుందో మీరడగండి. ఆ ఖర్చు ఎవరి చేతి డబ్బులోంచి పోతుందో కూడా ముందే తేల్చుకోండి. బండి రిజిస్ట్రేషను కాగితంలో ఆ చెయ్యి పేరు కూడా రాయించమని అడిగినా తప్పులేదు సుమండీ!