పాత అట్టకు కొత్త రూపు: గ్లూ గన్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ప్రాజెక్టు అనగానే ఇప్పుడు పిల్లల నోట వచ్చే మొదటి మాట గ్లూ గన్. సైన్సు ఎగ్జిబిషన్ నమూనా కానీ, వినాయక చవితికి అట్ట మంటపం కానీ, పాత శుభలేఖలతో ఫోటో ఫ్రేము కానీ పది నిమిషాల్లో నిలబెట్టేస్తుంది. ఆ సౌలభ్యం కాదనలేం. అయితే ఆ కడ్డీ ఒక రకం ప్లాస్టిక్ అనీ, కరిగాక మరిగే నీళ్లకన్నా వేడిగా ఉంటుందనీ తెలియకుండానే చాలా ఇళ్లలో దాన్ని పిల్లల చేతికి ఇచ్చేస్తున్నారు. పాత కాగితంతో చేసే పనుల్లో ఈ వేడి జిగురు ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ ఇంటి జిగురే చాలు అన్నది ఇక్కడ వివరిస్తున్నాం. తల్లిదండ్రులు, విద్యార్థులు కలిసి చదవగలరు.

ఏమిటీ జిగురు?

గ్లూ స్టిక్కులో ముఖ్యంగా ఉండేది ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. పట్టు కోసం రెజిన్, తేలిగ్గా పారడానికి మైనం అందులో కలుపుతారు. బజారులో 7 మి.మీ., 11 మి.మీ. మందాల కడ్డీలు దొరుకుతాయి. 7 మి.మీ. కడ్డీకి 20 వాట్ల చిన్న గన్ చాలు. బడి పనికి అంతకన్నా పెద్దది అక్కర్లేదు. తక్కువ వేడి రకంలో జిగురు సుమారు 120 డిగ్రీల సెల్సియస్, ఎక్కువ వేడి రకంలో సుమారు 190 డిగ్రీల దాకా కాగుతుంది. గన్ చిన్నదైనంత మాత్రాన చల్లనిది కాదు. కొనేటప్పుడు తక్కువ వేడి రకమేనా అని అడిగి తీసుకోండి.

ఈ జిగురులో నీళ్లు ఉండవు. అందుకే కాగితం తడిసి ముడతలు పడదు. ఆరడం అంటూ ఉండదు, చల్లారి గట్టిపడటమే. చుక్క పెట్టాక అర నిమిషంలోపే అతికించాలి, కాసేపు కదలకుండా పట్టుకోవాలి.

ఎక్కడ వాడాలి?

కాగితానికి కాగితం కాని వస్తువును అతికించాల్సి వచ్చినప్పుడు దీని అవసరం నిజంగా ఉంటుంది. అట్ట మీద సీసా మూత, కొబ్బరి పీచు, ఎండు పుల్ల, గవ్వ, చొక్కా గుండీ, గుడ్డముక్క వంటివి ఫెవికాల్‌తో పెడితే గంటలకొద్దీ ఆగాలి, ఈలోగా జారిపోతాయి. అట్టపెట్టె మూలలు నిలబెట్టడానికీ ఇది మంచిదే. నున్నటి గాజు, పాలిథిన్ సంచి, లోహం మీద మాత్రం పట్టు నిలవదు. లోహం వేడిని వెంటనే లాగేసుకుంటుంది కాబట్టి జిగురు అతుక్కోకముందే గట్టిపడిపోతుంది.

ఎండలో ఆపిన కారులోనో, పొయ్యి పక్కనో పెడితే అతుకులు మెత్తబడతాయి. ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లే నమూనాను నీడలో ఉంచండి.

అతికించడమే కాదు, గీయవచ్చు కూడా

చల్లారాక ఈ జిగురు ఉబ్బెత్తుగా నిలుస్తుంది. దీంతో చేయదగ్గ పనులు మూడు:

1. అక్షరాల పలక: నోటుబుక్కు వెనక అట్ట మీద పెన్సిల్‌తో పెద్దగా ‘అ’ రాసి, ఆ గీత మీద పెద్దవాళ్లు జిగురు పోయాలి. పూర్తిగా చల్లారాక చిన్నపిల్లలు వేలితో దిద్దుకోవచ్చు. పైన పల్చటి కాగితం పరిచి క్రేయాన్ అడ్డంగా రుద్దితే అక్షరం అచ్చుపడుతుంది. మన బరంపురంలో వీధి బోర్డుల మీద పిల్లలకు ఎక్కువగా కనిపించేది ఒడియా లిపి. తెలుగు అక్షరం వంపు చేతికి అలవాటు కావాలంటే ఇంట్లో ఇలాంటి పలకలు ఉండటం మంచిది.

2. అచ్చు బిళ్ల: మందపాటి అట్టముక్క మీద పువ్వో, ముగ్గో జిగురుతో గీసి, చల్లారాక రంగు పూసి కాగితం మీద అద్దాలి. అక్షరమైతే తిరగేసి రాయాలి, లేకపోతే అచ్చు తారుమారవుతుంది.

3. నగిషీ పని: అట్ట మీద జిగురుతో లతలు గీసి, చల్లారాక పైన పాత న్యూస్‌పేపరు ముక్కలు మైదా జిగురుతో అతికించి, గీతల పక్కన వేలితో నొక్కాలి. ఆరాక రంగు వేస్తే చెక్కినట్టు కనిపిస్తుంది.

ఇంటి జిగురు చాలిన చోట

కాగితం మీద కాగితం, అట్ట మీద అట్ట అతికించడానికి మైదా జిగురే సరైనది. ఒక కప్పు మైదాను నాలుగు కప్పుల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ చిక్కబడేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల పనిలో వద్దు. ఒకటి రెండు రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి.

చింతగింజల జిగురు మన రెండు నేలలకూ పాతదే. ఒడిశాలో పట్టచిత్రం వేసే గుడ్డను చింతగింజల జిగురు, సుద్దపొడి పూసి తయారుచేస్తారు. కొండపల్లి బొమ్మల భాగాలను అతికే మక్కులోనూ చింతగింజల పొడి, రంపపు పొట్టు ఉంటాయి.

ఇది పాతదానిమీద ప్రేమతో చెబుతున్న మాట కాదు. మైదా జిగురుతో అతికించిన కాగితం నీళ్లలో నానితే విడిపోయి మళ్లీ గుజ్జవుతుంది. వేడి జిగురు గుజ్జులో కరగదు; బంకముద్దలుగా మిగిలి కాగితం మిల్లులో ఇబ్బంది పెడుతుంది. పాత అట్టతో బొమ్మ చేసి, దాని నిండా ప్లాస్టిక్ పూస్తే, ఆ అట్ట మళ్లీ కాగితం అయ్యే దారి మనమే మూసినట్టు. అందుకే చుక్కతో అయ్యే పనికి గీత వద్దు. బొమ్మను పారేసే రోజున జిగురున్న ముక్కలు కత్తిరించి తీసి, మిగతాది పాత పేపర్లలో వేయండి. అలంకరణకు థర్మోకోల్ వద్దు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా దానిపై నిషేధం ఉంది.

జాగ్రత్తలు

- అయిదో తరగతి లోపు పిల్లలు గన్ ముట్టుకోకూడదు. ఆ పైవాళ్లు పెద్దలు పక్కన ఉన్నప్పుడే వాడాలి.
- మూతి కిందికి ఉండేలా, స్టాండు మీద, పాత పలకో టైలో వేసి పెట్టండి. పని ఆగితే ప్లగ్గు తీసేయండి.
- సగం కరిగిన కడ్డీని వెనక్కి లాగకూడదు.
- జిగురును వేలితో కాకుండా పుల్లతో నొక్కండి. కిటికీ తెరిచి ఉంచండి.

కాలితే

వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయనివ్వాలి. చర్మానికి అంటుకున్న జిగురును పీకవద్దు, చర్మం ఊడివస్తుంది. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయవద్దు. బొబ్బ చిదపవద్దు. జిగురు ఊడకపోయినా, బొబ్బ పెద్దదైనా, ముఖం మీదో కంటి దగ్గరో పడినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చేతిపనుల పీరియడుకు పిల్లలు పాత అట్ట, శుభలేఖలు, గుండీలు, గుడ్డముక్కలు తెస్తే చాలు. గ్లూ గన్ పంపవద్దు. అవసరమైన చోట టీచరే జిగురు పెడతారు.